పోటుకి ముందే బయల్దేరాలి!

నవ్వుకోవడానికి రెడీగా ఉండండి, మీ టీ చల్లారేలోపు చెప్పేస్తాను. మొన్న ఆదివారం మా అక్కని సముద్రం ఒడ్డున నడిపించడానికి వారం రోజులు ప్లాన్ వేసి, ఆఖరికి ఒంటి చెప్పుతో మండపేట తిరిగొచ్చానండీ!

మా బావగారు పోయి ఏడాది దాటింది. అప్పట్నుంచీ అక్క గడప దాటలేదు. కంచం ముందు కూర్చుంటుంది, రెండు మెతుకులు కెలుకుతుంది, లేచిపోతుంది. చూడలేక చస్తున్నాం. అలాంటిది పోయిన వారం తనే నోరు తెరిచి అడిగింది. "ఒరేయ్ తమ్ముడూ, మా పెళ్ళిరోజుకి ఆయన నన్ను తీసుకెళ్ళేవారు కదా, ఆ ఊరు వెళ్దామా? మొగ దాకా నడిచి రావాలనుందిరా."

అంతర్వేది వైపు, సముద్రం పక్కనే చిన్న పల్లె అది. బావగారు మాస్టారుగా మొదట చేరింది అక్కడి బళ్ళోనే. ఊళ్ళోంచి ఇసక మీద నడుచుకుంటూ పోతే గోదారి పాయ సముద్రంలో కలిసే చోటు వస్తుంది. అదే మొగ. మధ్యలో ఓ కాలవ అడ్డం. పాటు సమయంలో, అంటే నీళ్ళు వెనక్కి తీసినప్పుడు, పాదాలు తడవకుండా దాటేయొచ్చు. పోటొచ్చి నీళ్ళెక్కాయంటే దాటడం కుదరదు, అవతల ఉన్నవాళ్ళు అవతలే.

ఇంక నేను ఊరుకుంటానా! ఫోన్లో పోటూ పాటూ వేళలు చెప్పే టైడ్ యాప్ ఎక్కించాను. పొద్దున్నే పాటు ఉండే రోజు చూసి పెట్టాను. మూడు అలారాలు కూడా పెట్టాను: 'బయల్దేరు', 'మొగ చేరు', 'వెనక్కి తిరుగు'. మా ఆవిడైతే "రాకెట్ వదుల్తున్నారా ఏంటండీ?" అంది. సముద్రంతో ఆటలా అని కసిరాను.

అన్నీ లెక్కేశాను గానీ పోలమ్మగారిని లెక్కేయలేదు.

పోలమ్మగారూ, వాళ్ళాయన నూకరాజుగారూ ఆ ఊళ్ళో చేపల వేట మీద బతికేవాళ్ళు. బావగారు పెళ్ళికి ముందు అద్దెకున్నది వాళ్ళింట్లోనే. కారాపి, ఓసారి పలకరించి పోదామనుకున్నాం. అక్కని చూడగానే పోలమ్మగారు వాటేసుకుని బావురుమంది. అక్కా ఏడ్చింది. నేనూ ఏడ్చాను, ఎందుకు దాచడం? కళ్ళు తుడుచుకుంటూనే ఆవిడ పొయ్యి వెలిగించేసింది.

"టిఫిన్ చేసే వచ్చామండీ," అన్నాను.

"టిఫినెవరు పెడతానన్నారు బాబూ? ఇప్పుడే వల్లో పండుగప్ప చేప పడింది. పులుసు చేత్తాను. మాస్టారు లేరని అమ్మగారు మా ఇంట్లో తినకుండా ఎల్లిపోతారా?"

ఈ మాటకి జవాబు చెప్పగలిగిన మగాడు గోదారి జిల్లాల్లో ఇంకా పుట్టలేదండీ. కూర్చున్నాను. 'బయల్దేరు' అలారం పులుసు ఉడుకుతుంటే మోగింది. 'మొగ చేరు' విస్తళ్ళేస్తుంటే మోగింది. లేద్దామా అని అక్క వైపు చూశాను. అక్క తింటోంది! ఏడాది తర్వాత ముద్ద మీద ముద్ద కలుపుకుని తింటోంది. "ఇంకాస్త పులుసు పొయ్యి పోలమ్మా," అంటోంది. లెమ్మనడానికి నాకు నోరు రాలేదు. సముద్రం పోతే పోయిందనుకున్నాను.

'వెనక్కి తిరుగు' మోగేసరికి నా చెయ్యి నిండా పులుసు. పోలమ్మగారే ఫోన్ ఎత్తి నా చెవికి ఆనించింది. "మాట్లాడండి బాబూ, ఎవరో ఆపకుండా చేత్తన్నారు!"

అక్కడితో బుద్ధిగా ఇంటికొచ్చేస్తే సరిపోయేది. కానీ ఏడాదికి ఒక్క కోరిక కోరిందే, అదీ తీర్చలేనా అని నాకు పంతం. అక్కని ఇసక మీద నడిపించుకుంటూ కాలవ దాకా తీసుకెళ్ళాను. అప్పటికే నీళ్ళు సుళ్ళు తిరుగుతూ లోపలికి ఎక్కుతున్నాయి.

"వద్దురా, నీళ్ళొచ్చేస్తున్నాయి," అంది అక్క.

"నువ్వుండక్కా, మోకాలి లోతే ఉంటుంది," అని దిగాను. తొడల దాకా మునిగాను. కింద ఇసక జారింది. ఫోను, నేను, నా ప్లాను ఒకేసారి నీళ్ళలో పడ్డాం! మా వెనకాలే వస్తున్న నూకరాజుగారు పరిగెత్తుకొచ్చి నా చొక్కా పట్టుకుని గట్టుకి లాగారు. ఎడంకాలి చెప్పు మాత్రం ఊళ్ళోకి ఈదుకుంటూ పోయింది.

అక్క పకపకా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో! నవ్వీ నవ్వీ, ఇసకలో కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"క్షమించక్కా. మీరు ఏటా వెళ్ళే చోటికి తీసుకెళ్ళలేకపోయాను," అన్నాను.

"ఎక్కడ వెళ్ళాంరా? ఆ మొగ నేను ఒక్కసారీ చూళ్ళేదు," అంది. "ప్రతి ఏడూ ఇంతే. పోలమ్మ అన్నం పెట్టేది. మేం తిని వచ్చేసరికి పోటు పట్టేసేది. ఆయనేమో, వచ్చే ఏడాది పొద్దున్నే వచ్చేద్దాంలే విజయా, మొగ ఎక్కడికి పోతుంది అనేవారు. మొగ ఎక్కడికీ పోలేదురా. ఆయనే పోయారు."

తడి బట్టలతోనే అక్క పక్కన కూర్చున్నాను. తర్వాత చెయ్యిచ్చి లేపి, ఒంటి చెప్పుతోనే కారు దాకా నడిపించుకొచ్చాను.

కారెక్కాక, ఓదార్పుగా "వచ్చే ఏడాది..." అనబోయి నాలుక కరుచుకున్నాను. "వచ్చే ఆదివారమే వెళ్దామక్కా. కారు ఊరి బయటే ఆపేసి, ఎవరికీ కనపడకుండా," అన్నాను.

"పోలమ్మకి తెలిస్తే ఊరుకుంటుందా?" అంది, కళ్ళు తుడుచుకుంటూ.

ఇదండీ సంగతి. ఫోను మూడు రోజులుగా బియ్యం డబ్బాలో ఉంది, ఇంకా బతకలేదు. బావగారు ఆ మొగ అక్కకి చూపించలేకపోయారు. ఇన్ని అలారాలు పెట్టి నేనూ చూపించలేకపోయాను. ఆ సాయంత్రం నీళ్ళు వెనక్కి తీసినప్పుడు, మా ఇంటి తరఫున అక్కడిదాకా వెళ్ళిందేదైనా ఉంటే అది నా ఎడంకాలి చెప్పొక్కటే!