అధ్యక్షుల వారి పంచింగ్ మిషన్

తొంభైల మొదట్లో మిర్యాలగూడలో మాకో కంప్యూటర్ సంఘం ఉండేది. దాని అధ్యక్షుడు ఏదో సర్కారు ఆఫీసుల హెడ్ క్లర్కుగ చేసి రిటైరైన పెద్దమనిషి. చేతిల పంచింగ్ మిషన్ లేకుండ ఆయన్ను చూసినోళ్లు లేరు. ఏ కాగితం దొరికినా రెండు బొక్కలు పొడిచి ఫైల్ల కట్టేటోడు. "రికార్డుల ఉండాలె" అనుడొక్కటే ఆయనకు వచ్చిన విద్య.

నెలకో ఆదివారం మీటింగ్. ఉన్న ఒక్క కంప్యూటర్ మీది ముసుగు తియ్యకుండనే, మీటింగులను ఎట్ల బాగుచెయ్యాల్నో రెండు గంటలు చెప్పేటోడు. మేం బిస్కెట్లు తినుకుంట తలలూపేటోళ్లం.

ఒకసారి సూర్యాపేట నుంచి కొత్తగ సభ్యురాలైన ఒక లెక్కల టీచరమ్మ వచ్చింది. పదో తరగతి మార్కులు కూడే ప్రోగ్రాం మూడు నెలలు కూసొని రాసి, ఫ్లాపీల పెట్టుకొని తెచ్చింది.

"ఒక్కసారి నడిపి చూపిస్త సార్," అన్నది.

"చూద్దం తియ్యమ్మా. ముందుగాల రికార్డుల ఉండాలె," అని ఆ పల్చటి ఫ్లాపీని అందుకొని, పంచింగ్ మిషన్ల పెట్టి నొక్కిండు. లోపలి డిస్కుకు కూడ రెండు బొక్కలు పడ్డయి. ట్యాగు దూర్చి ఫైల్ల కట్టిండు.

"ఇంకో కాపీ లేదు సార్," అన్నదామె మెల్లగ.

"ఫైల్ల ఉన్నది గద, యాడికి పోతది?" అన్నడు.

ఆమె మళ్ల రాలేదు. ఆనాటి మినిట్స్‌ల ఆయన రాసింది నాకింకా యాదికున్నది: "సభ్యురాలి ప్రోగ్రాంను సభ్యులందరికీ చూపడమైనది." కింద అందరం సంతకాలు పెట్టినం. నాది మూడోది. అక్షరాలు గుండ్రంగ ఉన్నయని ఆయన మెచ్చుకున్నడు కూడ.