ఒక్క నోటిమాట, రెండు సాక్ష్యాలు

బస్సు పిడుగురాళ్ల దాటగానే కిటికీలోంచి పురుగుమందు వాసన గుప్పుమంది. అందరూ ముక్కు మూసుకున్నారు. నాకు మాత్రం సలోమి మేడమ్ గుర్తొచ్చి ఒళ్లు మండింది. నరసరావుపేట ఇంజనీరింగ్ కాలేజీలో నా చివరి ఏడాది ప్రాజెక్టుకు ఆవిడే గైడు. క్లాసు ముందు నా గాలి తీసిన రోజును నేను మరవలేదు, మరవను.

మిరపాకు ఫొటో చూసి, ముడతకు కారణం వైరసా, తామర పురుగా అని చెప్పే ప్రోగ్రాం నాది. రెండింటికీ ఆకు పైకే ముడుచుకుంటుంది. ఆవిడ నేర్పిన పద్ధతిని బిలీఫ్ ఫంక్షన్స్ అంటారు. 'రెండింటిలో ఏదో ఒకటి' అని మాత్రమే చెప్పగల ఆధారాన్ని చెరిసగం పంచకూడదు. ఆ నమ్మకాన్ని రెండింటి మీదా ఉమ్మడిగానే ఉంచాలి. వేరే ఆధారం దొరికితేనే అది ఒకవైపు ఒరుగుతుంది.

గురజాల దగ్గర మా పక్కింటి సాంబయ్య బాబాయి కౌలు చేను మీద దాన్ని ప్రయోగించాను. ఫొటోలు ఎటూ తేల్చలేదు. చేను చూసిన ఇద్దరి అభిప్రాయాలు కలిపాను. ఇద్దరూ వైరస్ అన్నారు కాబట్టి ప్రోగ్రామూ గట్టిగా వైరస్ అనే చెప్పింది. పురుగైతే మందుతో మొక్క బతుకుతుంది. వైరసైతే పీకేయాలి, లేకపోతే పక్క మొక్కకు పాకుతుంది. నా మాట నమ్మి బాబాయి మర్నాటికి కూలీలను పిలిచాడు. ఆ మధ్యాహ్నమే క్లాసులో ఆ సంగతి చెప్పి, గర్వంగా ఫలితం చూపించాను.

"ఆ ఇద్దరూ ఎవరు?" అన్నారు మేడమ్.

"ఒకాయన మా ఊరి రైతు, ఇంకొకాయన విత్తనాల ఏజెంటు."

"వాళ్లకెవరు చెప్పారు?"

"అది అడగలేదు మేడమ్." అక్కడే స్పీకర్ పెట్టించి ఫోన్ చేయించారు. ఇద్దరిదీ ఒకటే జవాబు: "పురుగుమందుల కొట్టాయన అన్నాడుగా!" క్లాసంతా గొల్లుమంది.

"ఒక్క నోటిమాటను రెండు సాక్ష్యాలుగా కలిపావు. ఆ లెక్క చెల్లదు. నీకంటే నీ ప్రోగ్రామే నయం, నువ్వు పెట్టిందే తింది పాపం. ఇప్పుడు ఆ చేను రైతుకు ఫోన్ చెయ్."

చేశాను. "బాబాయ్, రేపు పీకొద్దు. ఇంకా తేలలేదు."

"ఏందిరా తేలేది? పొద్దున వైరస్సంటివి, ఇప్పుడు కాదంటివి! నీ మిషనుకేమన్నా పూనకమొచ్చిందా? రేపు పీకకపోతే చేనంతా పాకుద్ది!"

ఆయన భయంలో అబద్ధం లేదు. మేడమ్ ఫోన్ అందుకున్నారు. "అన్నా, పీకాక మళ్లీ అతికించలేం. పొద్దున్నే వస్తాం."

"అందాక కూలోళ్లు గట్టున కూకోవాలా?"

"కూర్చోనీయండి."

మర్నాడు పొద్దున్నే మేడమ్, వ్యవసాయం చదివిన తన తమ్ముణ్ణి చేనుకు వెంటబెట్టుకొచ్చారు. ఎవరేమన్నారో అతనికి చెప్పొద్దని మా అందరి నోళ్లూ కట్టేశారు. అతను పూలను తెల్ల కాగితం మీద దులిపాడు. బాబాయి కాగితం మీదికి వంగాడు. సన్నటి నల్ల తామర పురుగులు పాకాయి, ప్రతి వరసలోనూ. ఒక మూల మాత్రం లేతాకుల మీద వైరస్ గుర్తుగా పసుపు మచ్చలు కనిపించాయి. ఆ మూల మొక్కలే పీకించాడు. మిగతా చేనుకు మందు కొట్టారు. అది కోలుకుంది.

"మేడమ్ గారే నా చేను నిలబెట్టారు" అని బాబాయి ఊరంతా చెప్పాడు. ఫొటోలు తీసిందెవరు? ప్రోగ్రాం రాసిందెవరు? నా పేరే ఎత్తలేదు. మేడమ్‌ను అడిగాను, పద్ధతి పనిచేసినట్టేగా అని. "ఒక్క చేను చూసి అంత మాట అనకు" అన్నారు. అంతే, భుజం తట్టలేదు.

ఇప్పుడు నేను పంట నష్టం దరఖాస్తులను వర్గీకరించే ఆఫీసులో పనిచేస్తున్నాను. నిన్న మా మేనేజరు ఒక రైతు దరఖాస్తు చూపించి, "రెండు రిపోర్టులూ నష్టం లేదనే అంటున్నాయి, ఆ రైతుది మూసెయ్" అన్నాడు.

"ఆ ఇద్దరిలో చేలో దిగిందెవరు సార్? ఒకరిది చూసి ఇంకొకరు రాశారా?" అన్నాను, అందరి ముందే.

ఆయన ముఖం మాడిపోయింది. ఈ మాట ఆయనా మరవడు. దరఖాస్తు మాత్రం ఇంకా తెరిచే ఉంది.