కేకలాయన, ఆయన తోడల్లుడు

విమానం మొహం చూడని మనిషి పద్దెనిమిదేళ్లుగా విమాన ప్రయాణికుడిగా జీతం తీసుకుంటున్నాడంటే ఎవరు నమ్ముతారు? పిల్లనిచ్చిన మామగారే నమ్మలేదు. పెళ్లిమాటల నాడు "అబ్బాయి ఏం చేస్తాడు?" అనడిగితే "భయపడతాడు" అని చెప్పాల్సి వచ్చింది మరి.

విమానాల్లో ఉద్యోగాలకు ఎంపికైన కొత్తవాళ్లకు తర్ఫీదు ఇచ్చే కేంద్రం ఒకటుంది. వెనకవైపు పెద్ద రేకుల షెడ్డు. అందులో రెక్కలూ చక్రాలూ తోకా ఏవీ లేకుండా, నడుము దగ్గర అటూ ఇటూ కోసి ఇనప కాళ్ల మీద నిలబెట్టిన విమానం ముక్క. ఎనిమిది వరుసల సీట్లు, రెండు తలుపులు, తలుపు తీయగానే బుస్సుమని ఉబ్బే గాలి జారుడుబల్ల, దాని అడుగున పాత పరుపులు. పొగ వదలడానికి ఒక యంత్రం. చప్పుళ్లకు రెండు స్పీకర్లు. ఈ ముక్క ఎక్కడికీ ఎగరదు గానీ రోజుకు మూడుసార్లు ప్రమాదంలో పడుతుంది. కొత్తవాళ్లే వంతులవారీగా కొందరు సిబ్బంది, కొందరు ప్రయాణికులు. ఆ మూడుసార్లూ ఐదో వరుసలో కూర్చుని గోల చేసే మనిషే మన కథలో మనిషి. కేంద్రంలో అందరికీ ఆయన కేకలాయన. అసలు పేరు జీతం పట్టీలో ఉంటుంది, అక్కడే ఉండిపోయింది.

వయసులో ఉండగా నాటకాల్లో గుంపు వేషాలు వేసేవాడు. రాజుగారి చావు వార్త వినగానే "అయ్యో!" అనే నలుగురిలో మూడోవాడు. ఆ అయ్యో బాగుందని ఎవరో ఇక్కడ చేర్పించారు. వచ్చాక ఆయన ఆ పనిని ఎంత పట్టుకున్నాడంటే, ఒకనాడు గుండె పట్టుకుని కూలబడతాడు, ఇంకోనాడు పొట్టకు దిండు కట్టుకుని నిండు గర్భిణి అవుతాడు. నీళ్లలో తేలడానికిచ్చే గాలి చొక్కా తలుపు దాటాక ఊదుకోవాలని ఎంత చెప్పినా సీట్లోనే ఊదుకుని ఇరుక్కుపోయే ఘనుడవుతాడు. పొగలో కూడా ఫోను పైకెత్తి వీడియో తీసుకునేవాడవుతాడు. ఏ వేషమైనా అరుపు మాత్రం ఉండాల్సిందే. ఆయన అరుపుకి షెడ్డు రేకుల మీది పావురాలు లేచిపోతాయి.

ఆయన దగ్గర అట్టలు ఊడిన ఒక నోటుపుస్తకం ఉంది. విమానం ఎక్కి వచ్చిన వాడు కనబడితే చాలు, పట్టుకుని అడిగి రాసుకున్నవన్నీ అందులో ఉన్నాయి. పడవ మునిగేటప్పుడు మనుషులు ఒకరి మొహం ఒకరు చూస్తారు, బస్సు లోయ అంచున ఆగితే డ్రైవరు వీపు చూస్తారు, విమానంలో మాత్రం ముందు నెత్తిమీది సామాన్ల అర చూస్తారని ఆయన సిద్ధాంతం. సంచి వదలని వాళ్లలోనే ఏడు రకాల్ని పోగుచేశాడు. అందులో నాలుగో రకం, వదిలేసి వెళితే ఇంట్లో ఏమంటారోనని చావుకి తెగించి తెచ్చేవాళ్లు. ఆయనకున్న కోరికల్లా ఒక్కటే. తర్ఫీదు ముగిసే రోజున కొత్తవాళ్లను కూర్చోబెట్టి ఒక్క అరగంట ఈ సంగతులన్నీ చెప్పాలి. తర్ఫీదు చూసే మేడమ్‌ని ఏటా అడిగేవాడు. ఆవిడ ఏటా "చూద్దాం లెండి" అనేది.

ఇక తోడల్లుడు. ఆయన భార్య చెల్లెలి మొగుడు, డ్రైవింగు స్కూలు నడుపుతాడు. భారీ మనిషి, భారీ నవ్వు. వచ్చాడంటే అత్తగారింట్లో ఫ్యాను కింది కుర్చీ దానంతటదే ఖాళీ అయ్యేది. పెద్దల్లుడు తనే అయినా ఆ కుర్చీ తనకెన్నడూ ఖాళీ కాలేదని కేకలాయనకు పద్నాలుగేళ్లుగా ఒక ముల్లు. అందుకే ఆ చిన్నవాణ్ణి ఏనాడూ తమ్ముడూ అని పిలవలేదు. "ఏమండీ, బాగున్నారా" దగ్గరే ఆపేశాడు.

అలాంటి తోడల్లుడు డ్రైవింగు స్కూళ్ల వాళ్ల సమావేశం ఏదో ఉందని విమానం ఎక్కాడు. తిరుగు ప్రయాణంలో విమానం దిగి ఆగీ ఆగకముందే లోపల పొగ కమ్మింది. అందర్నీ జారుడుబల్లల మీంచి దింపేశారు. ఒక్కరికీ ప్రాణాపాయం లేదు. పేపర్లో నాలుగో పేజీలో మూడు లైన్లు.

మూడు లైన్లే. కానీ ఆదివారం అత్తగారింట్లో అది మూడు గంటలైంది.

"చెయ్యి ఇలా పెట్టు నాయనా," అంటూ అత్తగారు చిన్నల్లుడి మోచేతికి మందు రాస్తోంది. జారుడుబల్ల గుడ్డకు గీసుకుని తోలు లేచింది, అంతే. కేకలాయన తన మోచేతుల వంక చూసుకున్నాడు. పద్దెనిమిదేళ్ల గీతలు, ఒకదాని మీద ఒకటి. ఆయనకు మొదటిసారి గీసుకున్నప్పుడు భార్య వంటింట్లోంచే మందు ట్యూబు విసిరింది. అదీ గురి తప్పింది.

"చెప్పండి మరిదిగారూ, మళ్లీ మొదట్నుంచి చెప్పండి. నేను గిన్నెలు కడుగుతూ సగమే విన్నా," అంది ఆ భార్యే ఇప్పుడు.

"ఏముంది వదినా! పొగ. కళ్లు కనపడవు. జనం హాహాకారాలు! నేను చిటికెలో బెల్టు లాగి పారేశా. లేచి నిలబడి, 'ఎవరూ భయపడొద్దు, నా వెనకే రండి' అన్నా."

"అబ్బ! మీ గుండె ఉక్కు గుండె," అంది భార్య. తర్వాత మొగుడి వైపు తిరిగి, "విన్నారా? మీరేమో రోజూ ఉత్తుత్తి పొగకే ఊరు లేచేట్టు అరిచొస్తారు," అంది.

అందరూ నవ్వారు. కేకలాయనా నవ్వాడు.  తను పదమూడువేల సార్లు పొగలోంచి బయటపడ్డాడు, ఎవరూ రెండోసారి చెప్పమనలేదు. వీడు ఒక్కసారి జారాడో లేదో ఇంటిల్లిపాదికీ వీరుడైపోయాడు!

సరిగ్గా అప్పుడు చూశాడా వేలుని. "బెల్టు లాగి పారేశా" అన్నప్పుడు తోడల్లుడి కుడిచెయ్యి తుంటి పక్కకు పోయింది. బొటనవేలు ఏదో మీటని నొక్కింది. కేకలాయన ఊపిరి బిగబట్టాడు. మామగారి కోసం మళ్లీ చెప్పించారు, మళ్లీ అదే తుంటి, అదే వేలు. పక్కింటి వాళ్లొస్తే మూడోసారి చెప్పాడు. అదే.

విమానం బెల్టు తుంటి దగ్గర ఉండదు. పొట్ట మీద ఉంటుంది. నొక్కితే రాదు, దాని మీది రేకు పైకెత్తాలి. తీరిగ్గా ఉన్నప్పుడు ఎవరైనా ఎత్తుతారు. మతి పోయినప్పుడు మాత్రం చెయ్యి రోజూ పోయే చోటికే పోతుంది. రోజుకు ఇరవైసార్లు కారు బెల్టు నొక్కే డ్రైవింగు మాస్టారి చెయ్యి ఎక్కడికి పోతుందో వేరే చెప్పాలా? నోటుపుస్తకంలో పదకొండో పేజీ.

అంటే వీరుడుగారు సీట్లోంచి లేవనేలేదన్నమాట! కేకలాయనకు ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది. భార్యకు కూడా చెప్పలేదు, దాచుకున్నాడు.

సోమవారం టీ తాగేటప్పుడు మేడమ్ చెవిన వేద్దామని మొదలెట్టాడు. "మొన్న పొగ వచ్చిన విమానంలో మా తోడల్లుడు ఉన్నాడండీ. అయితే అసలు సంగతి ఏంటంటే..."

అసలు సంగతి దాకా ఆవిడ రానిస్తేనా! "నిజంగా దిగినాయనా? మీ ఇంటి మనిషా? ముందే చెప్పరేం! ఈ బ్యాచి ఆఖరి రోజున పిలవండి. అరగంట ఇద్దాం, మాట్లాడతారు."

అరగంట. ఆయన అరగంట. గ్లాసులో టీ చొక్కా మీద ఒలికింది. తుడుచుకునే లోపల ఆయనకో ఉపాయం తట్టింది, మొహం విచ్చుకుంది.

"పిలుస్తానండీ. అయితే ముందు ఆయన్ని మన విమానంలో కూర్చోబెట్టి, ఆ రోజు ఎలా దిగాడో చేసి చూపించమందాం. పిల్లల కళ్లకు కట్టినట్టుంటుంది."

"భలే ఆలోచన!"

"ఆయన పక్కన నేను కూర్చుంటా లెండి. తోడుగా."

ఆఖరి రోజున తోడల్లుడు కొత్త చొక్కాలో వచ్చాడు, నల్లకళ్లద్దాలతో. ఐదో వరుసలో ఇరికి కూర్చున్నాడు. ఎదురుగా ఒకమ్మాయి నిలబడి బెల్టు ఎలా పెట్టుకోవాలో, ఎలా తీయాలో, తలుపులు ఎటున్నాయో చేతులు చాపి చూపిస్తోంది. ఈయన వెనక వరుసకు తిరిగి తన స్కూలు కార్డులు పంచుతున్నాడు.

"అటు చూడండి, చెబుతోంది," అన్నాడు కేకలాయన. పైపైకే అన్నాడు.

"ఇవన్నీ మనకెందుకన్నయ్యా! నిజంది చూసొచ్చినవాణ్ణి."

"అవునవును."

దీపాలు ఆరిపోయాయి. స్పీకర్లలో చెవులు చిల్లులు పడే చప్పుడు. సీట్లు అదిరాయి. పొగ కాళ్ల దగ్గర మొదలై గడ్డం దాకా వచ్చింది. "బెల్టులు తీయండి! అన్నీ వదిలేయండి! ఇటు రండి!" అని ముందు నుంచి కొత్తవాళ్లు గొంతులు చించుకుంటున్నారు. కేకలాయన ఒక పెద్ద కేక పెట్టి, పక్కకు చూశాడు.

తుంటి. బొటనవేలు. నొక్కుతోంది.

ఒకటి, రెండు అని లెక్కపెట్టుకున్నాడు, మిఠాయి చప్పరించినట్టు. మూడు. ముందు వరుసలు లేచి వెళ్లిపోయాయి. నాలుగు. ఇంకాసేపట్లో దీపాలు వెలుగుతాయి. ఇరవైమంది ముందు, మేడమ్ ముందు, ఉక్కు గుండె సీటుకి కట్టేసి దొరుకుతుంది. ఐదు.

అప్పుడు తోడల్లుడి మొహం చూశాడు. కళ్లద్దాలు జారిపోయాయి. కళ్లు ముందు సీటు వీపు మీద ఉన్నాయి గానీ దేన్నీ చూడటం లేదు. నోరు కాస్త తెరుచుకుని ఉంది, అందులోంచి ఒక్క చప్పుడూ రావడం లేదు. అంత పెద్ద మనిషిలో ప్రాణమంతా ఆ బొటనవేలిలోకే పోయి, నొక్కుతోంది, నొక్కుతోంది.

కేకలాయన నోట్లో కేక ఆగిపోయింది. పద్దెనిమిదేళ్లుగా తను అరిచి, పొర్లి, జుట్టు పీక్కుని చూపించింది ఇది కాదు. భయానికి గొంతు లేదు. ఇది వీడికి ఊరికే, ఏ సాధనా లేకుండా వచ్చేసింది! ఆ పొగలో, ఆ స్థితిలో ఉన్నవాణ్ణి చూసి కూడా కుళ్లుకున్న మనిషి లోకంలో ఇంకొకడుండడు.

కుళ్లుకుంటూనే చెయ్యి చాపాడు. తోడల్లుడి పొట్ట మీద రేకు ఎత్తాడు. బెల్టు విడిపోయింది.

"లే తమ్ముడూ. లే. నా చెయ్యి పట్టుకో."

పొగలో ఎవరూ చూడలేదు. ఇద్దరూ జారి పరుపుల మీద పడ్డారు. దీపాలు వెలిగాయి, కొత్తవాళ్లు చుట్టూ చేరారు. "చూశారా, ఎంత నిబ్బరంగా వచ్చారో! ఇక చెప్పండి సార్," అంది మేడమ్.

తోడల్లుడు పరుపు మీదే కూర్చుండిపోయాడు.  "నిబ్బరం లేదు, గాడిదగుడ్డూ లేదు," అన్నాడు చివరికి. "ఇప్పుడు బెల్టు తీసింది మా అన్నయ్య. ఆ రోజు తీసింది పక్కసీటావిడ. నేను తుంటి నొక్కుకుంటూ కూర్చున్నా. నా చుట్టూ కూడా ఎవరూ అరవలేదమ్మా. హాహాకారాలని ఇంట్లో కోతలు కోశాను. అంతా నిశ్శబ్దం. ఆవిడ మొహం కూడా చూడలేదు నేను. ఎవరో ఏమో. ఇంట్లో ఎలా చెప్పేది? మా అత్తగారు మందు రాస్తుంటే ఎలా చెప్పేది?"

 షెడ్డంతా చప్పట్లు. ఆగని చప్పట్లు. ఒకమ్మాయి కళ్లు తుడుచుకుంది. మేడమ్ పుస్తకం తీసి గబగబా రాసుకుంది.

పరుపు అంచున నిలబడి కేకలాయన కూడా చప్పట్లు కొట్టాడు. అబద్ధం చెబితే అత్తగారింట్లో మెప్పు. నిజం చెబితే ఇక్కడ చప్పట్లు. పరువు పోగొట్టుకోవడంలో కూడా వీడికే పేరు రావాలా భగవంతుడా!

సాయంత్రం స్కూలు కార్లో తోడల్లుడే ఇంటి దగ్గర దింపాడు. దారిలో "ఇంట్లో నేనే చెబుతానన్నయ్యా, నువ్వు చెప్పకు," అన్నాడు. ఇల్లొచ్చింది. జన్మంతా బస్సుల్లో నిలబడి తిరిగిన కేకలాయన పొట్ట మీద తడుముకున్నాడు. ఎత్తడానికి రేకు లేదు. మళ్లీ తడిమాడు.

తోడల్లుడు చూసి స్టీరింగు మీద వాలిపోయి, కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. "ఇది విమానం కాదన్నయ్యా!" అంటూ వంగి, తుంటి దగ్గర మీట నొక్కాడు. కేకలాయన మూతి ముడుచుకుని దిగి తలుపు వేశాడు. నాలుగడుగులు వేశాక ఆయనకూ నవ్వొచ్చింది. వెనక్కి తిరిగి మాత్రం చూడలేదు.

తర్వాతి బ్యాచి మొదటి రోజు. పొగ వచ్చింది, సీట్లు అదిరాయి, ముందు నుంచి అరుపులు. ఐదో వరుసలోంచి మాత్రం కేక లేదు. రేకుల మీద పావురాలు కదల్లేదు. కొత్తవాళ్లు ఎవరు గోలచేస్తే వాళ్లను లాక్కుని జారిపోయి, గడియారం చూసుకుని, ఒకరి భుజాలు ఒకరు తట్టుకున్నారు. మేడమ్ తలలు లెక్కపెట్టింది. ఒకటి తగ్గింది.

ఆవిడ లోపలికి వచ్చేసరికి కేకలాయన నోరు కాస్త తెరుచుకుని, ముందు సీటు వీపుని చూస్తూ కూర్చుని ఉన్నాడు. కుడి బొటనవేలు తుంటి పక్కన నొక్కుతోంది.

ఆవిడ అక్కడే నిలబడిపోయింది. "మిమ్మల్ని వదిలేసి వెళ్లిపోయారు," అంది మెల్లగా. "ఇరవైమందిలో ఒక్కరు కూడా చూడలేదు."

"చూడరండీ. చప్పుడు లేదుగా."

"ఆఖరి రోజు అరగంట మీరు తీసుకోండి. ఈ మాటే చెప్పండి వాళ్లకి. ఎవరు నేర్పారు మీకిది?"

"ఎవరూ నేర్పలేదు. అనుభవం," అన్నాడు కేకలాయన.

ఆవిడ పుస్తకంలో రాసుకుంటూ తలుపు దాకా వెళ్లింది. ఆయన బెల్టు రేకు ఎత్తాడు, మళ్లీ పెట్టేశాడు, మళ్లీ ఎత్తాడు.

"మేడమ్!"

"ఆఁ?"

"మా తమ్ముడండీ. మొన్న వచ్చాడే. వాడి దగ్గర నేర్చుకున్నా."

ఆవిడ మొహం వెలిగిపోయింది. "అయితే ఆయన్ని కూడా మళ్లీ పిలుద్దామా? ఇద్దరూ కలిసి..."

"అక్కర్లేదు మేడమ్," అన్నాడు గబుక్కున లేచి నిలబడి. "నేను చాలు."