చాపిన అరచెయ్యి

గోదావరికి ఆనకట్ట కట్టిన కొత్తలో మాట. వాడపల్లి రేవులో పడవ కోసం నలుగురం కూర్చున్నాం. మా తర్వాత వచ్చిన ముసలాయన మమ్మల్ని లెక్కపెట్టుకుని, ఎదురుగా ఎవరూ లేకపోయినా అరచెయ్యి చాపి కళ్ళు మూసుకున్నాడు. నేను చూస్తూండగానే ఆ చేతిమీద ఎర్రగా బెత్తం వాతలు తేలాయి.

"ఎవరు కొట్టేరండీ?" అన్నాను.

"మా బడి పంతులుగారండి. అందరికన్నా ముందొచ్చినవాడికి అరచేతిలో శ్రీ రాసేవారు. ఆ తర్వాత వచ్చినవాళ్ళకి వరసన దెబ్బలు పెంచుకుంటూ పోయేవారు. ఆయన పోయి చాలా ఏళ్ళయిందండి. కొట్టడం మాత్రం మానలేదు."

నేనూ వీధిబడి పంతుల్నేనని చెప్పలేకపోయాను.

మర్నాడు బడికి ఆఖరున వచ్చిన పిల్లవాడు అలవాటుగా చెయ్యి చాపాడు. బెత్తం ఎత్తాను. ఆ లేత మణికట్టు చివర ముడతలుపడ్డ ముసలి అరచెయ్యి ఉంది.