కరగని దేవుడు

ఎవరైనా నువ్వెవరని అడిగితే వెంకటేశులు ముందు కుడి అరచేతిని చొక్కాకు తుడుచుకుంటాడు. ఆ తరువాతే నోరు తెరుస్తాడు. "వెంకటేశులు. మదరాసులో చిత్రకళ చదువుతున్నాను." బస్సు కండక్టరుకైనా, కళ్యాణదుర్గం తాలూకాఫీసు బంట్రోతుకైనా అదే మాట.

ఆ ఏడు మృగశిర కార్తె పోయింది, ఆరుద్ర పోతోంది. బెళుగుప్ప పక్కనున్న ఆ పల్లెలో చినుకు లేదు. సెలవులకు వచ్చిన కొడుకుతో హనుమంతప్ప ఒకటే చెప్పాడు.

"వానొస్తే కాలేజీకి పో అబ్బీ. రాకుంటే నాతోపాటు కరువు పనికి రా. నేనేం జేసేది?"

ఊరు వానదేవుణ్ణి తిప్పాలనుకుంది. చెరువు మట్టిని ముద్దచేసి, పీట మీద నిలబెట్టి ఇల్లిల్లూ తిప్పుతారు. ప్రతి ఇల్లాలూ చెంబెడు నీళ్లు పోస్తుంది. బొమ్మ కరిగి కారిపోతే వాన వస్తుందని నమ్మకం.

"ఏమప్పా, బొమ్మల సదువంట గదా నీది?" అన్నాడు ఊరిపెద్ద నారాయణప్ప. "ఈతూరి దేవుణ్ణి నువ్వే సెయ్యి. సూస్తాం మదరాసు పనితనం."

వెంకటేశులు అరచేయి తుడుచుకున్నాడు. ఊరు తనను చిత్రకారుడిగా పిలవడం అదే మొదలు.

మట్టి జల్లించాడు. జనపనార కత్తిరించి కలిపాడు. చింతగింజల జిగురు పోసి పిసికాడు. నీడన ఆరబెట్టాడు. దేవుడు కరగాలన్న సంగతి అతనికి తెలియనిది కాదు. కానీ బాగా చెయ్యాలన్న ఆశలో చేతులు కాలేజీలో నేర్చిన, బొమ్మ గట్టిపడే దారినే పోయాయి.

ఏటా దేవుణ్ణి మోసే బయ్యన్న పీట నెత్తికెత్తుకున్నాడు. మొదటి ఇంట్లో మారెక్క చెంబు వంచింది. నీళ్లు దేవుడి భుజాల మీదుగా జారి బయ్యన్న మెడ మీదికి కారాయి. దేవుడు చెక్కుచెదరలేదు.

"ఏందప్పా, మా మొగునికంటే మొండోడుండాడే!" అంది మారెక్క. అందరూ నవ్వారు.

నాలుగిళ్లు దాటేసరికి నవ్వు ఆగిపోయింది. ఆడవాళ్లు మళ్లీ లోపలికి పోయి రెండో చెంబు తెచ్చారు. బావి అడుగున తోడితే బురద వచ్చే రోజులవి.

చివరి ఇల్లు వెంకటేశులు వాళ్లదే. తాగడానికని దాచిన కుండను తల్లి నల్లమ్మ దేవుడి నెత్తిన పూర్తిగా కుమ్మరించింది. కాసేపు చూసింది.

"కరగల్యా," అంది, కొడుకు ముఖం చూడకుండా.

ఎవరూ తిట్టలేదు. దేవుణ్ణి వాళ్ల అరుగు మీదే దించి, ఎవరిళ్లకు వాళ్లు పోయారు. ఆకాశం తెల్లగా ఉంది.

మర్నాడు ఉదయం నాయన పిలవకముందే వెంకటేశులు లేచి, కరువు పని కింద వేస్తున్న రోడ్డు దగ్గరికి పోయాడు. కళ్యాణదుర్గం నుంచి వచ్చిన మేస్త్రీ తలెత్తి చూశాడు.

"కొత్తోడివి, ఎవరప్పా నువ్వు?"

వెంకటేశులు అరచేతిని చొక్కాకు తుడుచుకున్నాడు.

"హనుమంతప్ప కొడుకుని," అని గంప అందుకున్నాడు.