తిరుగు గంట

ఈ ఉదయం రిమోట్ కారు స్విచ్ వేయగానే, తెర ఉన్న కళ్ళద్దాల్లోంచి రెండు సన్నని బీప్‌లు వినిపించాయి. కెమెరా, కళ్ళద్దాలు ఒకదాన్నొకటి గుర్తుపట్టిన శబ్దమది. విన్నప్పుడల్లా నా చేయి ఆగిపోతుంది.

జోసఫ్ మామ బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో మా పక్కింటివాడు. గని మూతపడేదాకా, మనుషులను లోపలికి దించే ఇనుప బోను, కేజ్ దగ్గర గంట కొట్టేవాడు. గని దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి, చివరికి గడప దాటినా ఆయాసమే. ఎదురుగా ఉన్న సైనైడ్ దిబ్బ, అంటే బంగారం తీశాక పోసిన గని మట్టి గుట్ట మీదినుంచి, తాను పనిచేసిన గని బావి షాఫ్టును మరొక్కసారి చూడాలన్నది ఆయన కోరిక. అందుకే రిమోట్ కారుకు డిజిటల్ కెమెరా బిగించాడు. ఆ దృశ్యం చూపే కళ్ళద్దాలు తెచ్చే పని నాకప్పగించాడు.

"కెమెరా ఏ కంపెనీదో అదే కంపెనీది తేమ్మా" అన్నాడు.

కోలారు కాలేజీలో నేను డిబేట్లు గెలుస్తున్న రోజులవి. కొనేవాణ్ని ఒకే కంపెనీకి కట్టిపడేయడం అన్యాయమని వాదించాను. ఫ్రీక్వెన్సీ ఒకటే అయినప్పుడు ఎవరిదైతేనేమని వేరే కంపెనీవి తెప్పించాను.

తెర నల్లగా ఉండిపోయింది. పాత అనలాగ్ సెట్టయితే చుక్కలు చుక్కలుగానైనా ఏదో కనిపించేది. డిజిటల్‌కు ఆ దయ లేదు.

"ఏం లాయరమ్మా, నీ ప్రైజు కప్పు చూపిచ్చు, భయపడి కనెక్ట్ అవుతాదేమో!" మామ నవ్వు దగ్గుగా మారింది.

"రెండూ ఒకే ఫ్రీక్వెన్సీ కదా మామా!"

"దారి ఒకటేమ్మా. ఇది కన్నడంలో చెప్తాండాది, అది తమిళంలో వింటాండాది. మనకైతే రెండూ వచ్చు, మిషనుకు ఆ తెలివి యాడిది? నేను గంట కొడితే, కేజ్‌ని దించే ఇంజిన్ డ్రైవరు అదే గంట తిరిగి కొట్టాల. తిరుగు గంట రాకుంటే కేజ్ కదిలేది లేదు. నేను కొట్టినాను కదా అంటే సాలదు."

ఆ రోజే వాటిని మార్చేయగలిగేదాన్ని. మార్చకుండా, వేరేవాళ్ల కళ్ళద్దాలతోనూ పనిచేసేలా చేయమని కెమెరా కంపెనీకి వారాల తరబడి ఉత్తరాలు రాశాను.

"న్యాయం మన వైపుంది మామా."

"ఉండాదిలేమ్మా. నాకు దిబ్బ చూపియ్యి."

చివరికి నేను తెప్పించిన సరైన కళ్ళద్దాలు వచ్చేనాటికి మామను సమాధిచేసి మూడు రోజులైంది.

నా వాదన తప్పని ఈనాటికీ అనను. కానీ మాట చెప్పాక ఆగడం అలవాటైంది. ఎదుటివారు ఏమి విన్నారో వాళ్ల నోట వినేదాకా ముందుకు పోను.

ఈ ఉదయం ఆయన గడపలోనే కూర్చుని కారును దిబ్బ పైకి నడిపాను. తుప్పుపట్టిన షాఫ్టు చక్రం తెరమీద స్పష్టంగా నిలిచింది.

"కనిపిస్తాండాది మామా" అన్నాను, పైకే.

అని, ఆగాను.