మేనమామ పెట్టాల్సిన ఓణీ

న్యూజిలాండ్‌లో ఊరికొకటిగా ఉన్న తెలుగు సంఘాలన్నిటికీ కలిపి ఒక పెద్ద సంఘం ఉంది. దానికి మా ఆయన అధ్యక్షుడు. చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది కానీ, మొదటిసారి గెలిచినప్పుడు వెల్లింగ్టన్ శివారు జాన్సన్‌విల్‌లో మా ఇంటికి వచ్చిన వాళ్ళందరికీ పూతరేకులు పంచాను. ఓడిపోయిందెవరయ్యా అంటే ఆక్లాండ్ సంఘం అధ్యక్షుడు, మా వదిన భర్త.

వదినంటే సొంత ఆడపడుచు కాదు. మా ఆయన చదువుకోవడానికి వచ్చిన కొత్తలో ఆక్లాండ్ శాండ్రింగ్‌హామ్‌లో వాళ్ళ ఫ్లాట్‌లోనే ఒక గదిలో ఉండేవారు. ఆవిడకి అన్నదమ్ములు లేరు. ఈయన్ని తమ్ముడూ అంది, అంతే, తమ్ముడైపోయారు. నేను పెళ్ళై విమానం దిగి వస్తే హారతిచ్చిందీ, మొగుడి పేరు చెప్పేదాకా గుమ్మంలో ఆపి ఏడిపించిందీ ఆవిడే. వాళ్ళ పాపని ఎత్తుకుని తిప్పుతూ ఈయన, "నీ ఓణీ ఈ మామదేనే" అనేవారు. ఓణీల ఫంక్షన్‌కి బట్టలు పెట్టాల్సింది మేనమామే కదా. ఆ పిల్లకి ఇంకో మేనమామ ఎవడున్నాడు?

పదవీకాలం అయిపోగానే అన్నయ్యగారు, అదే వదిన భర్త, మళ్ళీ పోటీకి దిగారు. వదిన నాకు ఫోన్ చేసింది.

"ఒకసారి చేశాడుగా, ఈసారి మీ అన్నయ్యకి వదిలెయ్యమని చెప్పవే. మళ్ళీ ఓడిపోతే ఆక్లాండ్‌లో తలెత్తుకోలేరు."

చెప్పాను. "తప్పుకోమని బావకి చెప్పమను. నా పని సగంలో ఉంది" అన్నారు ఈయన. ఏం పనండీ బాబూ! ఉగాదికి హాలు బుక్ చేయడం, క్రికెట్ కప్పులు కొనడం. దానికి ఇద్దరూ అసెంబ్లీ ఎన్నికల లెవెల్లో ప్యానెళ్ళు, పోస్టర్లు, జూమ్ మీటింగులు. అలాంటి ఒక మీటింగులోనే అన్నయ్యగారు నోరు జారారు, "మా ఇంట్లో అన్నం తిని మనిషైనవాడు" అని. ఈయన ఊరుకున్నారా? "ఊరికే పెట్టలేదు, అద్దె పుచ్చుకునే పెట్టారు" అనేశారు. తెర మీద ఒక మూల వదిన ముఖం కనిపిస్తోంది. లేచి వెళ్ళిపోయింది. అంతంత మాటలయ్యాక గెలిస్తే ఎంత, ఓడితే ఎంత! ఈయనే గెలిచారు.

కొన్నాళ్ళకి పిల్ల ఓణీల ఫంక్షన్ కార్డు వచ్చింది, మాకు కాదు, సంఘం ఈమెయిల్‌కి. అధ్యక్షులవారు సతీసమేతంగా రావాలట. వెల్లింగ్టన్ దాకా వచ్చి బొట్టు పెట్టక్కర్లేదు, ఫోన్ చేసి "బొట్టు పెట్టాననుకోవే" అంటే చాలు. అదీ లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది, వెళ్ళొద్దన్నాను. ఈయన అప్పటికే ఇండియా నుంచి పట్టు పరికిణీ, ఓణీ తెప్పించేశారు.

"అక్క కార్డు పంపిందంటే రమ్మనేగా. బట్టలు పెట్టే టైముకి తనే పిలుస్తుంది చూడు."

పిచ్చి మనిషి. విమానంలో ఆ సంచీ ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

హాలు గుమ్మంలో వదిన అందరికీ చల్లినట్టే మాకూ పన్నీరు చల్లింది. "రండి, ముందు కూర్చోండి" అంది. ముందు వరస సోఫాలు సంఘం పెద్దలకి. కూర్చున్నాం. స్టేజీ మీద పిల్లని చూస్తే నా దిష్టే తగిలేలా ఉంది, ఎంత ఎదిగిపోయిందో. ఇంతలో పంతులుగారు మైకులో, "మేనమామగారు బట్టలు పట్టుకుని రావాలి" అన్నారు.

ఈయన సంచీతో లేచి స్టేజీ వైపు నడిచారు. అటుపక్క మెట్ల మీద నుంచి ఇంకో ఆయన వెండి పళ్ళెంలో పట్టుబట్టలతో ఎక్కాడు. అన్నయ్యగారి ప్యానెల్లో కార్యదర్శిగా నిలబడి ఓడినాయన. పిల్ల ఈయన్ని చూసింది. "మమ్మీ, మామ అక్కడున్నాడు" అంది.

"కెమెరా వైపు చూడమ్మా" అని వదిన దాని గడ్డం పట్టుకుని తిప్పింది.

ఈయన అక్కడే నిలబడిపోయారు. వెనక నుంచి ఎవరో, "సార్, కూర్చోండి, కనపడట్లేదు" అన్నారు. వచ్చి కూర్చున్నారు. అందరి ముందూ ఏడుపు ఆపుకోలేకపోయాను.

"లేవండి, పోదాం. ఇంకా ఏం చూద్దామని?"

ఎవరో పళ్ళెం పట్టుకుని అక్షింతలు పంచుతూ వచ్చారు. ఈయన గుప్పెడు తీసుకున్నారు.

"ఉండవే," అన్నారు, "ఇవన్నా వేసి వెళ్దాం. మన పిల్ల."